శుక్రవారం దాకా ఆగాలి

ఆయన చనిపోయిన వారం, గురువారం మధ్యాహ్నం, మా నెట్ సెంటర్‌లో మూల కంప్యూటర్ ముందు కూర్చుని ఒక వరసను తుడిచెయ్యడానికి చెయ్యి రాక ఊరికే చూస్తున్నాను. తెర మీద ఉన్నవే ఆరేడు వరసలు. ఒక్కో వరస ఒక్కో ఊళ్లో ఉన్న ఒక కంప్యూటర్ చిరునామా. మూడోది ఆయన ఇంటిది. ఆదివారం నుంచి అది పలకడం లేదు. పలకని వరసను తీసెయ్యాలి. తీసెయ్యకపోతే గల్ఫ్‌లో ఉన్న మా వాళ్లకు ఇక్కడి మనుషులు దొరకడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు దొరకరు. ఈ సంగతి నాకు నేర్పింది ఆయనే. నేర్పి, తన వరస నా చేతిలో పెట్టి తాను పోయాడు. మనుషులు పోతూ పోతూ ఎంత పని నెత్తిన పెట్టి పోతారో!

నేను పెద్ద ఓపిక గలదాన్ని కాదు. ఏళ్ల తరబడి ఆర్మూర్ జనానికి ఫోన్లు కలిపీ కలిపీ ఉన్న ఓపిక కూడా అరిగిపోయింది. ముందు ఎస్టీడీ బూత్, తర్వాత అదే గదిలో బల్లలు వేసి నెట్ సెంటర్. పసుపు సీజన్ వచ్చిందంటే పక్కన కొమ్ములు రుద్దే డ్రమ్ములు తిరిగి తిరిగి, ఆ దుమ్మంతా నా కంప్యూటర్లలోకే వస్తుంది. మూత తీస్తే లోపల ఫ్యాన్‌కు పసుపు పూసి ఉంటుంది. కస్టమర్లేమో "గిదేందక్కా, పెండ్లికూతుర్ని చేసినవా డబ్బాను" అని నవ్వుతారు. తుడిచేది నేను కదా, వాళ్లకేం పోయింది.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు కూడా నేను ఆ దుమ్మే తుడుస్తున్నాను. గడప దగ్గర నిలబడి "ఉన్నవా?" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. ముక్కూ మొహం తెలియని మనిషి. సన్నగా, ముఖం కొంచెం ఉబ్బి, మెడ మీద తడి చేతిరుమాలు వేసుకుని ఉన్నాడు. "కనవడ్తలేనా? ఉన్న. ఏం గావాలె?" అన్నాను.

"ఏం వద్దక్కా. ఉన్నవా లేదా అని అడిగిన, గంతే."

తర్వాత తెలిసింది, అది ఆయన పలకరింపు. బాగున్నావా, తిన్నావా, ఇవేమీ అడగడు. బస్టాండులో కనబడ్డా, చర్చి మెట్ల మీద కనబడ్డా, ఎవరింటికి పోయినా "ఉన్నవా?" అంటాడు. ఎదుటివాళ్లు "ఉన్న" అనాలి. అంటే తలూపి, తన దారిన తాను పోతాడు. మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. పొద్దున్నే ఎవరైనా అలా అడుగుతారా, శుభమా అని!

హైదరాబాద్‌లో ఏదో పెద్ద ఆఫీసులో కంప్యూటర్ల నెట్‌వర్క్ చూసేవాడట. ముప్పై దాటగానే కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. ఉద్యోగం వదులుకుని, భార్య సుగుణ పుట్టిన ఊరని ఆర్మూర్ వచ్చాడు. సుగుణ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆయన వారానికి రెండుసార్లు నిజామాబాద్ పోయి డయాలసిస్ చేయించుకుని వచ్చేవాడు. నీళ్లు ఎక్కువ తాగకూడదు. మా ఊరి ఎండల్లో అంతకంటే శిక్ష ఏముంటుంది? జేబులో చిన్న స్టీలు గ్లాసు ఉండేది, రోజంతటికీ ఆ గ్లాసుతో కొలిచిన నీళ్లే. నా సెంటర్‌కు ఎవరైనా ఎండన పడి వస్తే తానే పక్కకు పోయి గోలీసోడా తెచ్చి వాళ్ల చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చునేవాడు.

"నువ్వు తాగు అక్కా, నేను సూస్త" అనేవాడు. నిజంగానే చూసేవాడు, చివరి గుటక దాకా. ఒకరు చూస్తుండగా తాగడం ఎంత కష్టమో ఆయన ముందు కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

ఎడమ చేతి మీద ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోట ఉబ్బుగా ఉండేది. అక్కడ వేలు పెడితే లోపల ఏదో జుమ్మని కొట్టుకుంటుంది. కొత్తవాళ్లెవరైనా జాలిగా చూస్తే ఆ చెయ్యి చాపి, "పట్టి సూడు, నా మోడెం నడుస్తుందా" అనేవాడు. ఒకసారి నన్నూ పట్టుకొమ్మన్నాడు. నడుస్తోందని చెప్పాను. "ఇంగేం ఫికర్ లేదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా సెంటర్‌కు వచ్చేవాళ్లలో ముప్పాతిక వంతు గల్ఫ్‌కు మాట్లాడేవాళ్లే. ఫోన్‌లో మాట్లాడితే బిల్లుకు చేతులు కాలతాయి కాబట్టి అందరూ కంప్యూటర్ మీదే మాట్లాడేవారు. దానికి ఒక ప్రోగ్రాం ఉండేది. ఏ కంపెనీదీ కాదు, ఎక్కడెక్కడి వాళ్లో పుణ్యానికి రాసి పెట్టింది. మధ్యలో పెద్ద సర్వర్ ఏదీ ఉండదు. ఇక్కడి కంప్యూటరూ అక్కడి కంప్యూటరూ నేరుగా మాట్లాడుకుంటాయి. చక్కగా నడుస్తూ నడుస్తూ ఒకరోజు అది తెర మీద "ఎవరూ దొరకలేదు" అని ఇంగ్లిష్‌లో రాసి చేతులెత్తేసింది. నా నాలుగు కంప్యూటర్లలోనూ అదే మాట. ధర్పల్లి షాపులోనూ, సిరికొండ షాపులోనూ అదే మాటట. బయట బెంచీ మీద ఆడవాళ్లు, లోపల నేను, అందరం ఆ డబ్బాను తిట్టుకుంటూ కూర్చున్నాం.

ఆయన వచ్చి చూసి, "అందరున్నరక్కా. ఎవలు యాడున్నరో ఎవలకు తెల్వదు, గంతే" అన్నాడు.

ఏమిటా సంగతి అని అడిగితే మా చౌరస్తా వైపు చెయ్యి చూపించాడు. పొద్దున్నే అక్కడ కూలి అడ్డా ఉంటుంది. మేస్త్రీలు వచ్చి మనుషులను తీసుకుపోతారు.

"మేస్త్రీకి కూలీల ఇండ్లన్నీ తెల్వాల్నా అక్కా? అడ్డా తెలిస్తే సాలు. ఆడ ఒక్కడు దొరికినా వాడే చెప్తడు, ఫలానోడు గీడున్నడు, ఫలానోడు గాడున్నడని. గీ ప్రోగ్రాంకు గూడ గట్లనే ఒక అడ్డా ఉండె, యాడనో దేశంల. దాని పేరు అడిగితే గప్పుడు ఎవలెవలు ఉన్నరో నంబర్లు చెప్తుండె. గా అడ్డా బంద్ పెట్టిండ్రు. ఇగ మనమే ఒకటి పెట్టుకోవాలె."

పెట్టాడు. ఎక్కడో ఒక చిన్న సర్వర్ తీసుకుని, దానికి ఒక పేరు తీసుకుని, ఎవరు ఆ పేరు అడిగినా మా కంప్యూటర్ల నంబర్లు జవాబుగా వచ్చేట్టు రాశాడు. దాన్ని డీఎన్ఎస్ అంటారట. పేరులో అడ్డా అనే మాటే ఉంచాడు. ఎప్పుడూ వేసి ఉంచే కంప్యూటర్లే అందులో ఉండాలని నాది ఒకటి, తన ఇంటిది ఒకటి, ధర్పల్లి, సిరికొండ షాపులవి, ఇంకో రెండు మూడు ఊళ్లవి రాశాడు. ఆ కొత్త పేరును అక్కడి లేబర్ క్యాంపులో ఉన్న మా వాళ్లు కూడా తమ కంప్యూటర్‌లో టైపు చేసుకోవాలి. దాన్ని ఫోన్‌లో ఒక్కో అక్షరం చెప్పడానికి ఆయన పడ్డ పాట్లు చూడాలి. అవతల రాసుకునేవాడు మేస్త్రీ పనికి పోయిన మనిషి. "ఏ అంటే ఆర్మూర్. డి అంటే ధర్పల్లి. మల్ల డి అంటే మల్ల ధర్పల్లి. ఏయ్, రెండు సార్లు ధర్పల్లికి పోవాలె నువ్వు!" అని ఈయన అరుస్తుంటే బెంచీ మీద ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆ సాయంత్రం నా తెర మీద క్యాంపు వాళ్ల పేర్లు ఒకటొకటిగా వెలిగాయి.

అప్పటి నుంచి శుక్రవారం అంటే మాకు పండగా, పీడా రెండూ అదే. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. క్యాంపులో ఒకే కంప్యూటర్, దాని ముందు వంతులు. ఇక్కడ పొద్దుటి నుంచే చంకన పిల్లలతో, సంచుల్లో చుట్టిన బీడీలతో ఆడవాళ్లు. "ఆదివారం దేవునికి, శుక్రవారం గల్ఫోళ్లకు. నాకు ఏ వారం లేదు" అనేది సుగుణ, ఆయన వినేట్టుగానే.

అన్నేళ్లు ఆ గోల మధ్య ఉన్నా, ఎవరి సంసారం మాటలూ ఆయన చెవిన వేసుకునేవాడు కాదు. లైన్ కలిసిందంటే చాలు, గబగబా లేచి వరండాలోకి పోయి, వీపు ఇటు పెట్టి రోడ్డు మీది లారీలు చూస్తూ నిలబడేవాడు. ఒకసారి నేను కసురుకున్నాను, ఎండలో ఎందుకు ఆ నిలబడటం అని. "కలిపినంక మన పనేముందక్కా ఆడ?" అన్నాడు.

అడ్డా పెట్టాక మొదటి ఎండాకాలం మొదలవుతూనే గంగమణి వచ్చింది. ధర్పల్లి మనిషి. ఆమె పెనిమిటి గల్ఫ్‌కు పోయాక ఆడపిల్ల పుట్టింది. తండ్రి ఆ పిల్లను ఇంకా చూడలేదు. ధర్పల్లి షాపులో కెమెరా లేదని పొద్దున్నే బస్సెక్కి మా దగ్గరికి వచ్చింది. పిల్లకు తలంటి, బుగ్గన కాటుక చుక్క పెట్టి, పసుపు రంగు గౌను తొడిగింది. క్యాంపులో ఆ వారం ఆమె మొగడి వంతు మధ్యాహ్నానికి పడింది.

మధ్యాహ్నం కాకముందే కరెంటు పోయింది. పోతే పోయింది, గంటలో వచ్చింది కూడా. కంప్యూటర్లన్నీ వేశాను. క్యాంపు వాళ్ల పేరు కనబడదే! ఇటు నుంచి చూసినా లేదు, అటు నుంచి ఫోన్ చేసి వాళ్లు చెబుతున్నారు, అక్కడ కూడా ఎవరూ దొరకలేదు అనే వస్తోందట. గంగమణి పిల్లను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ చాలాసేపు ఓపిక పట్టింది. ఆ తర్వాత ఆమె వంతు దాటిపోయింది.

ఆ రోజు ఆయన డయాలసిస్ చేయించుకుని వచ్చి, నిలబడే శక్తి లేక నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గంగమణి ఆయన మీదికే పోయింది.

"పొద్దుగాల సంది కూసున్న. పోరికి పాలు వట్టిన, కాటుక పెట్టిన, కొత్త గౌను దొడిగిన. గాయినె ఆడ లైన్ల నిలవడి నిలవడి పోయిండంట. గీ డబ్బా ఏమో ఎవ్వలు దొరుకుతలేరంటది. దొరుకుతలేరంటే ఏంది? సచ్చిండ్రా అందరు?"

"గట్ల అనకు చెల్లె. అందరున్నరు."

"ఉంటే సూపెట్టు మరి! ఉన్నరు, ఉన్నరు అంటే నా బిడ్డకు నాయిన గనవడ్తడా?"

ఆయన నా చేత కీబోర్డు కిందికి దింపించుకుని, ఒళ్లో పెట్టుకుని తెర మీద సర్వర్ వరసలు చాలాసేపు చూశాడు. తర్వాత చేతిరుమాలు తీసి ముఖం మీద వేసుకున్నాడు. దాని కింద నుంచే మాట్లాడాడు.

"తప్పు నాదే చెల్లె. పొద్దున చెప్పిన మాటను రేపటిదాక నమ్ముమని రాసిన. గీ ఊర్ల గంతసేపు ఏ మాట నిలుస్తది?"

సంగతి ఇది. ఆ సర్వర్ ఇచ్చే ప్రతి జవాబు వెంట ఒక గడువు ఉంటుంది, ఈ జవాబును ఇంతసేపు నమ్ముకోవచ్చు అని. అడిగినవాళ్లు దాన్ని అంతసేపూ గుర్తుంచుకుంటారు, మళ్లీ అడగరు. హైదరాబాద్ ఆఫీసులో రోజంతా గడువు పెట్టేవారట. అక్కడ కరెంటు పోదు, నంబర్లు మారవు. అదే అలవాటున ఈయన ఇక్కడా పెట్టాడు. మా ఊళ్లో కరెంటు పోయి వస్తే చాలు, బ్రాడ్‌బ్యాండ్ ప్రతి కంప్యూటర్‌కూ కొత్త నంబరు ఇస్తుంది. కొత్త నంబరు సర్వర్‌కు చేరింది గానీ, క్యాంపు వైపు మాత్రం పొద్దుటి పాత నంబర్లనే పట్టుకుని, లేని గుమ్మాల ముందు నిలబడి తలుపులు కొడుతూ ఉంది. చలికాలంలో కరెంటు సరిగ్గా ఉండటంతో ఇది బయటపడలేదు. కోతలు మొదలైన మొదటి శుక్రవారమే గంగమణి కూతురి మీద పడింది.

గడువును నిమిషాల్లోకి కుదించాడు. కానీ పాత జవాబు మరునాటి దాకా పోదు కాబట్టి ఆ రోజుకు చేయగలిగింది ఏమీ లేదు. గంగమణి చీకటి పడకముందే బస్సెక్కింది. ఆయన సోడా తెప్పిస్తే ముట్టలేదు.

మరుసటి శుక్రవారం ఇంకెవరో తన వంతు వదులుకుంటే గంగమణి పెనిమిటికి దొరికింది. ఇటు పిల్లను కెమెరా ముందు పట్టుకుంది. అటు తెర మీద ఒక్క ముఖం కాదు, గదిలో ఉన్న మగవాళ్లందరి ముఖాలూ. బంక్ మంచాల మీద నుంచి వంగి కూడా చూస్తున్నారు. "గిటు తిప్పు వదినా", "నవ్వుతుంది రా, నవ్వుతుంది", "ముక్కు నీదే రా" అని ఒకటే గోల. వాళ్లందరికీ ఇంటి దగ్గర పిల్లలున్నారు మరి. తండ్రి మాత్రం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. "ఏందయ్యా, మాట్లాడవు? గింత దూరం బస్సుల వచ్చిన. దీన్ని ఏమన్న అను" అని గంగమణి అరుస్తోంది, ఏడుస్తోంది. నేను కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వస్తే ఆయన వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు.

"చూడవా తమ్మీ? నువ్వు కలిపిందే గదా" అన్నాను.

"ఇనవడ్తుంది తియ్యక్కా" అన్నాడు.

ఆ తర్వాత ఇంటికి బ్యాటరీ, ఇన్వర్టర్ తెచ్చాడు. ఎవరికోసం అనుకున్నారు? కంప్యూటర్‌కు. ఊరంతా కరెంటు పోయినా అడ్డాలో ఒక్కరైనా ఉండాలట. ఫ్యాన్ వేస్తే బ్యాటరీ తొందరగా అయిపోతుందని ఫ్యాన్‌కు ఇవ్వలేదు. కరెంటు లేని మధ్యాహ్నాలు ఆ రేకుల ఇంట్లో చెమటలు కక్కుతూ, నాలుక మీద మంచు ముక్క పెట్టుకుని పడుకునేవాడు. పక్కన కంప్యూటర్ మాత్రం హాయిగా నడుస్తూ ఉండేది. "మనుషులకు గాలి లేదు గని డబ్బాకు మాత్రం కరెంటు. నేను బీడీలు జేసుడు ఎవలి కోసమో ఇప్పుడు తెలిసింది" అని సుగుణ నా దగ్గర మొత్తుకునేది. నేనూ ఆమె తరఫునే ఉండి తిట్టేదాన్ని. ఆయన వినేవాడు కాదు.

అడ్డా పని నాకు నేర్పాలని ఆయనకు పట్టుదల. నాకేమో ఓపిక లేదు. "నా బతుక్కి గిది గూడనా తమ్మీ?" అనేదాన్ని. "నేను గూడ ఆ జవాబు లెక్కనే అక్కా. మూడు నాలుగు రోజులే నా గడువు. మల్ల నిజామాబాద్ పోయి కొత్తగ రాయించుకొని రావాలె. ఒకసారి రాయకుంటే?" అన్నాడు. అలా అన్నాక ఏమంటాం? నేర్చుకున్నాను, సణుక్కుంటూనే.

ఒకసారి సుగుణకు జ్వరం వస్తే నిజామాబాద్‌కు తోడు నేనే పోయాను. దవాఖానలో ఆ గదిలోకి అడుగు పెడుతూనే ఒక్కో మంచం దగ్గర ఆగి "ఉన్నవా?" అని మొదలుపెట్టాడు. గొట్టాలతో పడుకున్నవాళ్లు కళ్లు తెరిచి "ఉన్న", "ఉన్న కాకా", "ఉన్న బిడ్డా" అంటున్నారు. కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. కొత్త దుప్పటి పరిచారు. అది ఎప్పుడూ ఒక ముసలాయన పడుకునే మంచమట. నర్సు మా వైపు చూసి తల దించుకుంది. ఈయన ఆ మంచం ముందు కూడా ఆగి, "శుక్రవారం దాక ఆగుదాం. ఊరికి వోయిండేమో" అని ముందుకు నడిచాడు.

నాకు ఒళ్లు మండింది. పక్క మంచం మీద ఆయనకు సూదులు గుచ్చుతుంటే మొహం తిప్పుకుని, "తెలిసి తెలిసి గా మాట ఎందుకు అన్నవు?" అని అడిగాను.

"అడ్డాల మనం పెట్టుకున్న కాయిదా ఏంది అక్కా?"

ఆ కాయిదా, అంటే నియమం, ఆయనే చెప్పి ఉన్నాడు. పలకని వరస ఉంటే అడిగినవాళ్ల ప్రోగ్రాం దాని తలుపు కొట్టుకుంటూ కాలం పోగొట్టుకుంటుంది, కాబట్టి తీసెయ్యాలి. కానీ పలకలేదని అప్పటికప్పుడు తీసెయ్యకూడదు. కరెంటు పోయి ఉండవచ్చు, షాపువాడు పెళ్లికి పోయి ఉండవచ్చు. శుక్రవారం మాత్రం అందరూ వస్తారు. ఆ రోజు కూడా పలకకపోతేనే తీసెయ్యాలి.

"పలకనోడు పోయినట్టు గాదక్కా. శుక్రవారం సూడాలె" అన్నాడు. మళ్లీ తానే, "గాయిన పోయిండని నాకు తెలుసు. పోయిన వారమే చెయ్యి పట్టి సూసిన, మోడెం సల్లగయింది" అన్నాడు. అని కళ్లు మూసుకున్నాడు. ఆ నాలుగు గంటలూ నేను ఆ కొత్త దుప్పటి వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడ్డాను.

ఆ వారం మొదట్లో, ఆదివారం, ఆయన గడువు తీరింది. చర్చికి బయలుదేరబోతూ సుగుణ పిలిస్తే పలకలేదట. సోమవారం సమాధి చేసి వచ్చాం. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు ఎవరూ చూడకుండా ఆ ఎడమ చేతి మీద వేలు పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు.

ఆ గురువారం కర్సర్ మూడో వరస మీద పెట్టుకుని కూర్చున్నానని చెప్పాను కదా. ధర్పల్లి షాపాయన అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. "అక్కా, గాయినె నంబర్ తియ్యరాదు. లైన్ కలువాల్నంటే మస్తు లేటయితుంది. మనసుకు నాకు గూడ కష్టమే గని, రేపు శుక్రవారం. జనం కొడ్తరు" అన్నాడు. షాపాయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. తీసెయ్యడం ఒక్క మీట నొక్కినంత పని. అయినా, ఆయన పెట్టిన కాయిదా ఆయనకే వర్తించకపోతే ఎలా? "రేపు సాయంత్రం తీస్త" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి నన్ను నేనే తిట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున బెంచీ మీద మామూలుగా ఉండే జనంలో సగం కూడా లేరు. చావు జరిగిన వారం కదా, రాలేదనుకున్నాను. మధ్యాహ్నం కాకముందే కరెంటు పోయింది. మూల కంప్యూటర్‌కూ నెట్ డబ్బాకూ మాత్రం యూపీఎస్ ఉంది, అది కూయ్ కూయ్ మంటూ ఒక పావుగంట నిలబెడుతుంది. తెర మీద చూస్తున్నాను. ధర్పల్లి పోయింది. సిరికొండ పోయింది. మిగతా ఊళ్లవి ఒకటొకటే పోయాయి. ఇంకాసేపట్లో నాదీ పోతుంది. క్యాంపులో మొదటి వంతు వాళ్లు ఈపాటికి వచ్చి కూర్చుని ఉంటారు. ఎవరూ దొరకలేదు అని వాళ్ల తెర మీద వస్తుంది. గంగమణి చేతిలో పిల్ల, ఆ పసుపు గౌను, అవన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. ఇంత చేసి, ఇంత నేర్చుకుని, చివరికి ఇంతేనా అనిపించి కుర్చీలో అలాగే వెనక్కి వాలిపోయాను.

మూడో వరస పలికింది.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. ఆయన ఇంటి కంప్యూటరే. కొత్త నంబరుతో వచ్చింది. దాని కింద క్యాంపు పేరు కలిసింది, వెంటనే ఇంకో క్యాంపు పేరు కూడా. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ వరస మీద నొక్కాను. 

"ఉన్నవా?" అన్నాను.

"ఉన్న అక్కా" అంది సుగుణ. వెనక ఆడవాళ్ల మాటలు, ఒక పిల్ల ఏడుపు. "గంగమణి వచ్చింది. సిరికొండోళ్లు వచ్చిండ్రు. పొద్దుగాల పరామర్శకని వచ్చి గీడనే కూసున్నరు. శుక్రవారం గదా అక్కా, ఎట్ల బంద్ పెడ్త? నాకేం రాదు, స్విచ్ ఒత్తిన గంతే. ఆడ గంగమణి పెనిమిటికి గిక్కడి సంగతి తెల్వదు, అన్న యాడున్నడు, అన్నను పిలువుమంటున్నడు. ఏం జెప్పాలె?"

నేను నోరు తెరిచేలోపు గంగమణి గొంతు వినిపించింది. మైకుకు దగ్గరగా వచ్చి పెనిమిటితో చెబుతోంది. "అన్న లేడయ్యా. అన్న ఇంట్ల కూసునే మాట్లాడుతున్న. నువ్వు మాట్లాడు, బ్యాటరీ అయిపోతది."

నా యూపీఎస్ అయిపోయి తెర నల్లబడింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, వరండాలోకి పోయి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాను. రోడ్డు మీద పసుపు బస్తాల లారీలు పోతున్నాయి. సాయంత్రం కరెంటు వచ్చాక ధర్పల్లి షాపాయన ఫోన్ చేసి, తీసేశావా అక్కా అని అడిగాడు. లేదన్నాను.